చాకిరేవు నుంచి కొళాయి దాకా

బట్టలుతకడం చరిత్ర కిందికి రాదని మన చరిత్రకారుల అభిప్రాయం కాబోలు. రాజులు కట్టించిన గుళ్ళెన్నో, ఆ గుళ్ళకు రాసిచ్చిన మాన్యాలెన్నో మన పిల్లలు బళ్ళో వల్లె వేస్తారు. ఆ రాజుల బట్టలు, ఆ పూజారుల పంచెలు ఎవరు ఉతికారు, దేనితో ఉతికారు, అందుకు వాళ్ళకు ముట్టిందేమిటి అన్న ప్రశ్న పాఠ్యపుస్తకాలకు తగలదు. దాని బదులు ఒక సులభమైన సిద్ధాంతం ప్రచారంలో వుంది: సబ్బు వచ్చింది, పొడి వచ్చింది, చివరికి యంత్రం వచ్చింది, దాంతో ఇల్లాలి చాకిరీ తీరింది, చాకలి వెట్టి తీరింది అని. ఇందులో కొంత నిజం లేకపోలేదు. కాని గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప పండే ఊళ్ళను దృష్టిలో పెట్టుకుని చూస్తే ఈ సిద్ధాంతం కుంటుతుంది. ఇక్కడ ఇంట్లో ఉతుకు పని తేలికయిందని ఎవరన్నా, ఎప్పుడన్నా, వెంటనే అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఆ బరువు ఎవరి నెత్తిమీదికి పోయింది?

ముందుగా మురికి సంగతి, నీళ్ళ సంగతి చూడాలి. నల్లరేగడిలో బట్ట మాసే తీరే వేరు. వాన పడితే మోకాలిదాకా బంకమట్టి, ఎండితే దుమ్ము. పొగాకు తోటలో పనిచేసే కూలీల బట్టలకు ఆకు జిగురు అంటుకుని నల్లగా గట్టిపడుతుంది. మిరపకోతల రోజుల్లో ఘాటు కొంగుకూ రవికెకూ పట్టి, రాత్రి పడుకున్నా మంట పోదు. ఆ ఘాటుకు మూలమైన కాప్సైసిన్ నీళ్ళలో దాదాపు కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఎండుమిరప కల్లంలో పనిచేసి వచ్చిన మనిషి చీరెను వట్టి నీళ్ళలో జాడించి ఆరవేస్తే, మర్నాడు అదే మంటను మళ్ళీ కట్టుకున్నట్టే.

నీళ్ళు ఇంతకన్నా పెద్ద చిక్కు. కృష్ణమీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయిన తరువాత తెనాలి, రేపల్లె, బాపట్ల వైపు పల్లపు ఊళ్ళకు కాలువలు పారాయి. మెరక ఊళ్ళకు చెరువూ, వాగూ, బావీ తప్ప గతి లేదు. చాలా బావుల్లో నీళ్ళు ఉప్పన. పశ్చిమాన కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాల్లో ఫ్లోరిన్ కూడా. కాల్షియం, మెగ్నీషియం లవణాలున్న నీళ్ళలో సబ్బు నురగ రాదు. సబ్బు ఆ లవణాలతో కలిసి తెల్లని జిడ్డుముద్దగా మారి తిరిగి బట్టకే అంటుకుంటుంది. పెరట్లో బావి వున్న ఇంటివాళ్ళ బట్టలు కూడా మూటకట్టుకుని ఊరిబయటి చెరువుకో వాగుకో పోయాయంటే, అందుకు ఆచారం ఎంత కారణమో రసాయనం కూడా అంత కారణం.

ఈ చిక్కును విప్పినవాడు చాకలి. ఎలా విప్పాడో కొంచెం వివరంగా చెప్పుకోవడం అవసరం. మనవాళ్ళు విజ్ఞానశాస్త్రం అనగానే పడమటి దిక్కుకు తిరిగి దండం పెడతారు, చాకిరేవు వైపు తిరగరు.

చవుడు నేలల్లో ఎండాకాలం పైకి తెల్లగా పొంగే మట్టిలో సోడియం కార్బొనేటు వుంటుంది. చాకలివాళ్ళు ఆ మట్టిని ఊడ్చి తెచ్చి నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళలో బట్టలను తడిపి పిండేవారు. తరువాత పెద్ద బానలో నీళ్ళు పోసి పొయ్యిమీద పెట్టి, దాని మూతిచుట్టూ బట్టలను వరసలు వరసలుగా పేర్చి, ఆవిరి బయటికి పోకుండా కప్పి మంట వేసేవారు. దీన్నే ఉబ్బ వేయడం అంటారు. రాత్రంతా ఆవిరి బట్టల మధ్యనుంచి పైకి పోతూ, చల్లబడి కిందికి దిగుతూ, చవుటి క్షారాన్ని పోగుపోగులోకీ ఎక్కిస్తుంది. ఒంటి జిడ్డు, నూనె ఆ వేడి క్షారంతో కలిసి కొంతవరకు తామే సబ్బుగా మారిపోతాయి. అంటే చాకలి సబ్బు కొనలేదు. బట్టమీది మురికినుంచే సబ్బును పుట్టించాడు. అంతే కాదు. ఇదే సోడా ఉప్పునీటిలోని కాల్షియాన్ని సున్నపురాయి రూపంలో అడుగుకు దించుతుంది. ఇప్పుడు యంత్రాల కంపెనీలు నీళ్ళను మెత్తబరచే పొడి అని పొట్లాలు అమ్ముతున్నాయే, ఆ పని చవుటిమన్ను ఉచితంగా చేసింది.

మర్నాడు రేవులో బండమీద బాదడం. చూసేవాళ్ళకు కనిపించేది ఈ బాదడమే. చాకలితనమంటే బండబలమే అనుకోవడం అందుకే. నిజానికి మురికిని విడగొట్టే పనిలో ఎక్కువ భాగం రాత్రి ఆవిరే చేసేసింది, బండమీద అయ్యేది దాన్ని వెళ్ళగొట్టడం. ఆ తరువాత గంజి, నీలిమందు, ఎండ. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి గింజ రసంతో మూలన గుర్తు. అది ఎన్ని ఉబ్బలకైనా చెరగదు. వందల బట్టలు ఎవరివి వాళ్ళకు చేరేవి, కాగితంమీద లెక్క లేకుండా. నోటికి వచ్చినట్టు ఏకరువు పెట్టేదాన్ని చాకలిపద్దు అని మనం వెక్కిరిస్తాం. కాగితమూ కలమూ లేకుండా అంత పద్దు జ్ఞాపకం పెట్టుకున్న బుర్రను గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించం.

ఫ్రాన్సులో నికొలా లెబ్లాం ఉప్పునుంచి సోడా చేసే పద్ధతికి పేటెంటు పొందింది 1791లో. ఐరోపా బట్టల పరిశ్రమకు అంత సోడా అవసరమయింది, దానికోసం కర్మాగారాలు లేచాయి, వాటి ఆమ్లపు పొగలకు పొలాలు మాడిపోతే ఇంగ్లండులో 1863లో క్షారాల చట్టం చేయవలసి వచ్చింది. అక్కడ సోడా పెట్టుబడిగా మారింది. ఇక్కడ చవుడు ఊరి చివరనే వుండిపోయింది, దాన్ని ఎరిగిన మనిషి కూడా ఊరి చివరనే వుండిపోయాడు.

ఈ విద్య ఇంటి పంచెలకే పరిమితమయింది కాదు. డచ్చివాళ్ళు 1606లో నిజాంపట్నంలో కొఠీ పెట్టారు. 1611లో ఇంగ్లీషు కంపెనీవారి 'గ్లోబ్' ఓడ ఆ రేవుకు వచ్చింది. వాళ్ళను రప్పించింది మన అద్దకాల బట్ట. దానికి ఒక్క ఉతుకు చాలదు. కోరాబట్టలోని గంజీ జిడ్డూ పోవాలి. కరక్కాయా పాలూ పట్టించాలి. చిరివేరు ఎరుపు ఎక్కించాక మళ్ళీ ఉతకాలి. పేడనీళ్ళలో నానబెట్టి, ఎండలో పరిచి, తడుపుతూ నేల తెల్లబరచాలి. నేతగాడి పేరూ అద్దకంవాడి పేరూ చరిత్రలో ఎక్కడో ఒక మూల దొరుకుతాయి. ఆ తెలుపు తెచ్చినవాడి పేరు దొరకదు.

ఇంత విద్యకు ఊరు ఇచ్చిన ప్రతిఫలం ఏమిటి? కల్లం దగ్గర మేర. సాయంత్రం ఇంటింటికీ తిరిగి గిన్నెలో వేయించుకునే అన్నం. పెళ్ళికి దివిటీ పట్టినందుకు, పల్లకీ మోసినందుకు, దారిన చీరెలు పరిచినందుకు ఇచ్చే ఈనాము. లెక్క బట్టకు కాదు, ఇంటికి. ఇంట్లో నలుగురు పెరిగినా, పురుడు వచ్చినా, చావు వచ్చినా మేర పెరగదు. చాకిరీ అనే మాట ఫారసీనుంచి వచ్చిందనీ, చాకి అనే మన మాటతో దానికి సంబంధం లేదనీ భాషావేత్తలు అంటారు. పుట్టుకలో ఏమో గాని, మన ఊళ్ళలో ఆ రెండు మాటలూ ఒకే మనిషిమీద వాలాయి.

మడి, మైల వ్యవహారం ఇంకా విచిత్రం. పురిటిబట్ట, ముట్టుబట్ట, శవంమీది బట్ట, అన్నిటి మైలా పోగొట్టేది చాకలి. అలా మైల పోయిన బట్టను సదాచారపరుల ఇల్లాలు మళ్ళీ నీళ్ళలో ముంచి ఆరవేసుకుంటే గాని మడి కాదు, ఎందుకంటే దాన్ని చాకలి ముట్టుకున్నాడు! శుభ్రం చేసినవాడే మైల. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో మడివాలు మాచయ్యను శివభక్తుల మధ్య నిలబెట్టాడు; భక్తుల బట్టలు తప్ప ఇతరులవి ముట్టనని భీష్మించిన ఆ చాకలి కథలో, తన పని ఎవరికి చేయాలో తానే నిర్ణయించుకునే హక్కు కోసం పడిన తపన వుంది. 13వ శతాబ్దిలో కావ్యం ఒప్పుకున్న ఆ హక్కును ఊరు ఒప్పుకోలేదు. ఊరు గుర్తుపెట్టుకున్న చాకలి రేవడు: ఏటికి రెండు గట్లమీదా బట్టలు పెట్టి, వరదొస్తే ఇటూ అటూ పరుగెత్తి రెండిటికీ చెడ్డవాడు. ఆ కథకు నవ్వేవాళ్ళు, రెండు గట్లమీదా వున్న మూటలు ఎవరివో, పోయిన బట్టలకు తరువాత అతని మేరలో ఎంత కోత పడిందో అడగరు.

ఇంకొక మాట కూడా దాచకుండా చెప్పాలి. చాకలి మాల, మాదిగ ఇళ్ళ బట్టలు ఉతికేవాడు కాదు. కుల వ్యవస్థ మెట్టుమెట్టుకూ ఒక కింది మెట్టును చూపించి అందర్నీ నిలబెట్టింది. కాబట్టి 'పూర్వం ఇల్లాలికి ఉతుకు బాధ లేదు, చాకలి చూసుకునేది' అని మన పెద్దలు సెలవిచ్చే మాట సగం ఊరికే వర్తిస్తుంది. పగలంతా పరాయి చేలో పత్తి తీసి, చీకటిపడ్డాక తన చీరె తానే ఉతుక్కున్న మాదిగ స్త్రీకి ఆ స్వర్ణయుగం ఎన్నడూ లేదు. చాకలి స్త్రీకీ లేదు. ఊరి బట్టలన్నీ అయ్యాక ఆమె ఇంటి బట్టలు.

జాతీయోద్యమం ఈ పనిని తాకింది గాని కదిలించలేదు. 1921లో బెజవాడ కాంగ్రెసు సభ ఇరవై లక్షల రాట్నాలు తిప్పించాలని తీర్మానించింది. అదే ఏడు చీరాల పేరాలలో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య జనాన్ని ఊరే ఖాళీ చేయించాడు. ఖద్దరు మన జిల్లాల్లో గౌరవచిహ్నమయింది. మంచిదే. కాని ముతక ఖద్దరు తడిస్తే మిల్లుబట్టకు రెండింతలు బరువు. తెల్లగా వుంటే తప్ప దానికి పరువు లేదు. ఎవరి బట్ట వారే ఉతుక్కోవాలన్న నియమం ఆశ్రమాల్లో నడిచింది. ఆశ్రమం గోడ దాటి పెద్దరైతు ఇంట్లోకి రాలేదు. ఆయన దేశసేవ తెలుపు చాకలి బానలోనే ఉబ్బింది.

కదిలించింది సంఘం. తెలంగాణలో దొరలకు చాకలివాళ్ళు చేసిన వెట్టి మన మేరకన్నా చాలా ఘోరమైనది. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ కౌలుకు తీసుకున్న భూమిలో పంటను విసునూరు దేశ్‌ముఖు మనుషులు ఎత్తుకుపోవడానికి వచ్చినప్పుడు, సంఘం కార్యకర్తలు అడ్డుకుని ధాన్యాన్ని ఆమె ఇంటికి చేర్చారు. 1940ల నడుమ జరిగిన ఆ ఘటన అందరికీ తెలిసిందే. నేను గుర్తుచేసేది ఒకటే: ఆమె కోరింది మంచి చాకిరేవు కాదు, భూమి. ఉతుకు తేలిక కావడానికి మొదటి షరతు ఉతకనంటే బతకగలగడం.

ఇక సబ్బు. లీవర్ బ్రదర్స్‌వారి సన్‌లైట్ 1888లోనే కలకత్తా రేవుకు దిగింది. అయినా మన మెరక ఊళ్ళలో చాలాకాలం అది పెట్టెలో దాచుకునే వస్తువే, ఉప్పునీళ్ళలో నురగ రాదు గనక. అసలు మార్పు తెచ్చింది సబ్బు కాదు, డిటర్జెంటు పొడి. 1959లో సర్ఫ్ మన దేశపు బజారులోకి వచ్చింది. 1969లో అహమ్మదాబాదులో పుట్టిన నిర్మా దాన్ని చౌకబేరం చేసింది. ఈ పొడి కాల్షియంతో కలిసి ముద్ద కట్టదు. ఉప్పుబావి నీళ్ళలోనూ పనిచేస్తుంది. పాలియెస్టరు బట్ట కూడా అదే కాలంలో వ్యాపించింది. అది ఉబ్బను తట్టుకోలేదు, ఉబ్బ దానికి అవసరమూ లేదు, గంటలో ఆరుతుంది. మరోపక్క పత్తి, మిరప, పొగాకు డబ్బుపంటలు కల్లం మేరను తినేశాయి. మిరపకాయలు నేరుగా గుంటూరు యార్డుకు పోతుంటే కల్లంలో ఎవరికి ఎవరు ఏం కొలుస్తారు? ఇలా కొద్ది దశాబ్దాల్లో చవుడూ, బానా, మేరా మూడూ పోయాయి. చాకలి యువకుడు పట్నంలో ఇస్త్రీ బల్ల పెట్టాడు, లేదా కూలికి పోయాడు. వెట్టి తగ్గింది, సందేహం లేదు. దానికి ఎవరూ కన్నీరు కార్చనవసరం లేదు.

కాని బట్ట మాత్రం మాయడం మానలేదు. చెరువుకు పోయే మూట ఇంటి వెనక కొళాయి దగ్గరకు వచ్చింది, ఇల్లాలి ఒళ్ళోకి వచ్చింది. ఇది మన ఊళ్ళకే ప్రత్యేకం కాదు. అమెరికాలో అట్లాంటా పట్నపు నల్లజాతి చాకలి స్త్రీలు 1881లో సంఘం కట్టి కూలిరేటుకు సమ్మె చేశారు. ఇరవైమందితో మొదలై కొద్ది వారాల్లో మూడువేలకు పెరిగారు. పట్నం ఎవరి చేతులమీద తెల్లగా వుందో ఆ సమ్మె చూపింది. తరువాతి కాలంలో ఆ ఉతుకు కొంత లాండ్రీలకు పోయి, యంత్రం రాగానే మళ్ళీ ఇంటికి వచ్చింది. రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో రాసిన పుస్తకంలో చూపినట్టు, ఉతికే యంత్రం బాదడాన్ని తగ్గించింది గాని, గృహిణి పనిగంటలను అనుకున్నంత తగ్గించలేదు. వారానికొకసారి మార్చే చొక్కాను రోజూ మార్చడం మొదలుపెట్టారు.

దీనికి వేరే దారి లేకపోలేదు. 1832లో లివర్‌పూల్‌లో కలరా వచ్చినప్పుడు కిట్టీ విల్కిన్సన్ అనే కూలిమనిషి తన ఇంటి వేడినీళ్ళ బాయిలరును ఇరుగుపొరుగు బట్టలకు తెరిచింది. పదేళ్ళకు, 1842లో, ఆ నగరపాలకులే వేడినీళ్ళతో ప్రజల ఉతుకుశాల కట్టారు. 1846లో దానికి చట్టం వచ్చింది. 1919లో లెనిన్ ఇంటిచాకిరీ స్త్రీని అణగదొక్కుతున్నదని రాసినప్పుడు ఆయన దృష్టి సామూహిక భోజనశాలలమీదా, శిశుశాలలమీదా వుంది. ఉతుకు కూడా ఆ తర్కంలోదే. మన ప్రభుత్వాల తర్కం వేరు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రజకులకు, దర్జీలకు, నాయీబ్రాహ్మణులకు ఏటా పదివేల రూపాయల పథకం పెట్టారు. తెలంగాణలో 2021లో లాండ్రీలకు, ధోబీఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత విద్యుత్తు ఇచ్చారు. ఆ డబ్బు అక్కరలేదని అనగలిగేది కడుపు నిండినవాళ్ళే. అయితే ఘాటు కులానికే కడతారు, ఊరికి కట్టరు. ఊరిలో ప్రతి స్త్రీ వాడుకోగల ఉతుకుశాల అనే ఊహే మన పంచాయతీ పద్దుల్లో ప్రవేశించలేదు.

ఎందుకు ప్రవేశించలేదో కారంచేడు చెబుతుంది. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్ళు వదిలారు. కుడికాలువ కింద మెరక పొలాలు తడిశాయి, చెరువులు నిండాయి. నీళ్ళ కరువు చాలావరకు తీరింది. నీళ్ళు ఎవరివన్న ప్రశ్న తీరలేదు. చీరాల పక్కనున్న కారంచేడులో 1985 జూలై 16న, మాదిగలు తాగే చెరువు దగ్గర పెత్తందారీ కులపు యువకులు గేదెలను తెచ్చి, కుడితి బకెట్లు కడిగి నీళ్ళు మురికి చేస్తుంటే, బిందె పట్టుకొచ్చిన మాదిగ స్త్రీ అభ్యంతరం చెప్పింది. మర్నాడు మాదిగపల్లెమీద దాడి జరిగింది. ఆరుగురిని చంపారు, స్త్రీలను చెరిచారు. మిగిలినవాళ్ళు చీరాలకు తరలిపోయారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. ఒక బకెట్టు ఎక్కడ కడగాలన్న విషయం ఆరు ప్రాణాలయిన చోట, ఉమ్మడి తొట్టిలో అన్ని కులాల బట్టలూ ఒకే నీళ్ళలో మునగడం ఎంత దూరపు మాటో వేరే చెప్పాలా?

ఈలోగా ఎవరి స్తోమతుకు తగిన యంత్రం వాళ్ళింటికి వస్తున్నది. వచ్చినచోట మోకాళ్ళనొప్పి తగ్గిందంటే నమ్ముతాను; ఆ మాట తేలికగా కొట్టివేసే మగవాడు ఒక దుప్పటి ఉతికి చూడాలి. కాని 2019లో భారత ప్రభుత్వం జరిపిన సమయ వినియోగ సర్వేలో, జీతంలేని ఇంటిపని చేసేవాళ్ళలో స్త్రీ రోజుకు 299 నిమిషాలు, పురుషుడు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024లో మళ్ళీ లెక్కవేస్తే స్త్రీకి 289, పురుషుడికి 88. అయిదేళ్ళలో ఆమెకు మిగిలింది పది నిమిషాలు. ఆయనకూ తొమ్మిది మిగిలాయి.

పత్తిచేలో ఈ లెక్కకు అందని ఉతుకు మరొకటి వుంది. 1980లలో తెల్లదోమ పడినప్పుడు మన రెండు జిల్లాల రైతులు మందుమీద మందు కొట్టారు. 1987, 88లలో పంటపోయి, అప్పులపాలై ప్రాణాలు తీసుకున్నారు. ఆ చావుల గురించి వ్యాసాలు వచ్చాయి. పంపు భుజాన వేసుకుని మందుకొట్టి వచ్చిన మనిషి విప్పిన చొక్కా గురించి రాలేదు. మోనోక్రోటోఫాస్ వంటి మందు చర్మంనుంచే ఒంట్లోకి దిగి నరాలమీద పనిచేస్తుంది. ఆ చొక్కాను వేరే తొట్టిలో, చేతితొడుగులతో, వేడినీళ్ళలో ఉతకాలనీ, పిల్లల బట్టలతో కలపరాదనీ శాస్త్రం చెబుతుంది. ఇంట్లో వున్న తొట్టి ఒకటే. యంత్రం వున్నా ఒకటే. ఆ చొక్కాను వట్టిచేతులతో పిండేది, మందు ఎన్నడూ కొట్టని, డబ్బామీది హెచ్చరిక ఎన్నడూ చూడని స్త్రీ. తన ఇంటిది అయితే భార్య, పెద్దరైతు ఇంట్లో అయితే పనిమనిషి.

కాలువ గట్టున ఒక వేడినీళ్ళ పొయ్యి, రెండు సిమెంటు తొట్లు, మురుగు చెరువులో కలవకుండా ఒక ఇంకుడుగుంట, కొన్ని జతల రబ్బరు తొడుగులు. ఇంత ఏర్పాటుకు అయ్యే ఖర్చు, అదే ఊళ్ళో పురుగుమందుల కొట్టుకు ఒక్క పంటకాలంలో రైతులు రాసిచ్చే బాకీలో ఎన్నో వంతు అవుతుందో, ఆ ఊరి బడిపంతులు తన పిల్లల చేత ఒక మధ్యాహ్నం లెక్క కట్టించవచ్చు.